గేమ్ ఆడుతుంటే కంప్యూటర్ క్రాష్ అవుతోందా? కారణాన్ని పట్టుకునే పద్ధతి ఇదీ

రోజంతా బ్రౌజర్, వీడియోలు, ఆఫీసు పని అన్నీ సాఫీగా నడుస్తాయి. సాయంత్రం గేమ్ తెరిచి పావుగంట ఆడేసరికి స్క్రీన్ నల్లబడిపోతుంది, లేదంటే కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయిపోతుంది. మిగతా పనులన్నీ బాగానే జరుగుతున్నాయి కాబట్టి తప్పు గేమ్‌దే అనిపిస్తుంది. కొన్నిసార్లు అది నిజమే. అయితే ఇంట్లో కంప్యూటర్ మీద పడే బరువుల్లో గేమ్‌దే పెద్ద బరువు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, పవర్ సప్లై నాలుగూ ఒకేసారి గట్టిగా పనిచేసేది అప్పుడే. మామూలు పనిలో కనపడకుండా ఉండే లోపం అక్కడే బయటపడుతుంది.

నా సిస్టమ్ ఒకటి దాదాపు మూడు వారాలు ఇలాగే సతాయించింది. డ్రైవర్లు (ఒక్కో భాగాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాములు) మార్చాను. విండోస్ రెండుసార్లు మొదటినుంచీ వేశాను. ర్యామ్ కొత్తది కొన్నాను. చివరికి సైడ్ ప్యానెల్ తీసి టార్చి వేసి చూస్తే, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే పవర్ కనెక్టర్ ఒక పక్క మిల్లీమీటరు పైకి లేచి ఉంది. బొటనవేలితో నొక్కితే టక్‌మని దిగింది. ఆ తర్వాత ఆ సిస్టమ్ మళ్లీ క్రాష్ కాలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే అదే. అన్నాళ్లు ఎందుకు పట్టిందంటే, ప్రతి సాయంత్రం ఒకేసారి మూడు నాలుగు మార్పులు చేసేవాణ్ణి. ఓ రోజు క్రాష్ లేకుండా గడిచినా అది ఏ మార్పు వల్లో తెలిసేది కాదు. మర్నాడు మళ్లీ వస్తే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

అందుకే కింద చెప్పేవాటన్నిటికీ వర్తించే నియమం ఒకటి పెట్టుకోండి: ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చినదాన్ని రాసిపెట్టుకోండి. చిన్న నోట్‌బుక్ చాలు. తేదీ, ఏ గేమ్, ఎంతసేపటికి ఆగింది, ఎలా ఆగింది, ఆ రోజు ఏం మార్చారు, ఇంతే. వారం తిరిగేసరికి ఆ పేజీయే మీకు సగం జవాబు చెబుతుంది. ఇంకో మాట, మొదలుపెట్టే ముందే ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. క్రాష్‌కు కారణం డిస్కే అయితే తర్వాత ఆ అవకాశం ఉండకపోవచ్చు.

మొదటి మెట్టు: ఎలా ఆగిపోతోందో గమనించండి

"క్రాష్" అని అందరం ఒకే మాట వాడతాం కానీ అందులో నాలుగైదు రకాలున్నాయి. ఒక్కో రకం ఒక్కో వైపు వేలు చూపిస్తుంది.

గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తే, విండోస్ బతికే ఉంది కాబట్టి ముందు గేమ్ ఫైళ్లు, డ్రైవర్, ఓవర్‌లేలు (గేమ్ పైన చాట్, ఫ్రేమ్ రేటు లాంటివి చూపించే ప్రోగ్రాములు) చూడాలి. ర్యామ్ లోపం కూడా ఈ రూపంలో రావచ్చని గుర్తుంచుకోండి, ముఖ్యంగా ఒకటి కాకుండా అన్ని గేములూ ఇలాగే మూసుకుపోతుంటే.

ఎర్రర్ పేరుతో నీలి తెర వస్తే అదృష్టమనే అనుకోవాలి. ఏదో ఒక ఆధారం చేతికి దొరికినట్టే. 2025లో వచ్చిన అప్‌డేట్ల తర్వాత విండోస్ 11లో ఈ తెర నీలం నుంచి నలుపుకు మారింది. కాబట్టి "నల్ల స్క్రీన్ వచ్చింది" అని రాసుకునే ముందు దాని మీద అక్షరాలున్నాయో లేదో చూడండి. అక్షరాలుంటే ఫోనుతో ఫొటో తీసుకోండి.

ఏ సందేశమూ లేకుండా, ప్లగ్ పీకేసినట్టు టక్కున ఆగిపోయి మళ్లీ ఆన్ అయితే మొదటి అనుమానం పవర్ మీదే. పవర్ సప్లై, దాని కేబుళ్లు, గోడ సాకెట్ వరకూ అన్నీ అందులోకి వస్తాయి.

మానిటర్‌కు సిగ్నల్ పోయి, గేమ్ శబ్దం మాత్రం ఇంకా వినిపిస్తూ, కొన్నిసార్లు గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తితే ఇబ్బంది గ్రాఫిక్స్ కార్డుదో, దానికి అందే కరెంటుదో అయివుంటుంది. స్క్రీన్ ఉన్నచోటే బిగుసుకుపోయి, శబ్దం ఒకే ముక్క గీసుకుపోయిన రికార్డులా తిరుగుతుంటే ర్యామ్, ప్రాసెసర్, డిస్క్ మూడింటినీ చూడాలి.

ఎంతసేపటికి ఆగుతోందన్నది కూడా అంతే ముఖ్యం. ఎప్పుడూ పదిహేను ఇరవై నిమిషాల తర్వాతే అయితే వేడి. గేమ్ లోడ్ అయిన మరుక్షణమో, పెద్ద పేలుడు సీన్ రాగానేనో అయితే కరెంటు. సమయమంటూ లేకుండా ఎప్పుడంటే అప్పుడు అయితే ర్యామ్. ఇవి శిలాశాసనాలు కావు, కానీ వెతుకులాటకు మంచి ఆరంభం.

రెండో మెట్టు: విండోస్ ఏం రాసుకుందో చదవండి

ముందుగా చేయాల్సిన సెట్టింగ్ ఒకటుంది. స్టార్ట్ మెనూలో "అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్" వెతికి, స్టార్టప్ అండ్ రికవరీ విభాగంలో "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" దగ్గరున్న టిక్ తీసేయండి. ఇక మీదట ఎర్రర్ తెర వస్తే మీరు చదివేవరకూ నిలిచి ఉంటుంది.

తర్వాత స్టార్ట్ మెనూలో "రిలయబిలిటీ హిస్టరీ" అని వెతకండి. రోజులవారీగా గ్రాఫ్ వస్తుంది, క్రాష్ అయిన రోజున ఎర్ర గుర్తు ఉంటుంది. ఏ రోజు నుంచి ఎర్ర గుర్తులు మొదలయ్యాయో, దానికి ముందు రోజు ఏం ఇన్‌స్టాల్ అయిందో ఒకే చూపులో కనిపిస్తుంది. ఇంత పనికొచ్చే పేజీ విండోస్‌లో ఉందని చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకా లోతుగా చూడాలంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ మీద నొక్కండి. క్రాష్ అయిన సమయం దగ్గరకు వెళ్తే దాదాపు తప్పకుండా "కర్నెల్-పవర్, ఈవెంట్ ఐడీ 41" అనే ఎర్ర ఎంట్రీ ఉంటుంది. ఇందులో పవర్ అన్న మాట చూసి కొత్త పవర్ సప్లై కొనేసినవాళ్లు ఎందరో. ఆ ఎంట్రీ చెప్పేది ఒక్కటే: కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది. ఎందుకన్నది అది చెప్పదు.

అసలు సంగతి దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో ఉంటుంది. అక్కడ "బగ్‌చెక్‌కోడ్" అనే వరస చూడండి. దాని ఎదురుగా 0 ఉంటే విండోస్‌కు ఎర్రర్ రాసుకునే సమయం కూడా దొరకలేదన్నమాట. కరెంటు తెగిపోవడం, పూర్తిగా బిగుసుకుపోవడం ఇలాంటివి. 0 కాకుండా వేరే అంకె ఉంటే అది స్టాప్ కోడ్. ఇక్కడొక చిక్కుంది. ఈ పేజీ ఆ కోడ్‌ను మామూలు దశాంశ అంకెల్లో చూపిస్తుంది, ఎర్రర్ తెర మీద, సహాయ పేజీల్లో మాత్రం హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా లెక్కించే అంకెల్లో) ఉంటుంది. అందుకే 278 అని వెతికితే ఏమీ దొరకదు. కాలిక్యులేటర్‌ను ప్రోగ్రామర్ మోడ్‌లో పెట్టి మారిస్తే అది 0ఎక్స్116, అంటే వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్. గ్రాఫిక్స్ డ్రైవర్ జవాబివ్వడం మానేసిందని అర్థం. 292 అంటే 0ఎక్స్124, వీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్. ఇది హార్డ్‌వేరే స్వయంగా చేసే ఫిర్యాదు. 26 అంటే 0ఎక్స్1ఎ, మెమరీ మేనేజ్‌మెంట్. ఈ మూడూ గేమర్లకు తరచూ ఎదురయ్యేవే.

అదే లాగ్‌లో మరో రెండింటి కోసం చూడండి. "డిస్‌ప్లే, 4101" అన్న ఎంట్రీ ఉంటే డ్రైవర్ ఆగిపోయి మళ్లీ తేరుకుందని అర్థం. గ్రాఫిక్స్ కార్డు ఒక పనిలో ఇరుక్కుపోయి కదలకుండా ఉంటే విండోస్ మామూలుగా 2 సెకన్లు ఆగి చూసి, డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది. స్క్రీన్ ఒక క్షణం నల్లబడి తిరిగి రావడం అందుకే. రెండోది "వీయా-లాగర్". దాని ఐడీ 18 అయితే ప్రాసెసర్ స్థాయిలో సరిదిద్దలేని లోపం. 17, 19 అయితే సరిదిద్దుకున్న లోపం. సరిదిద్దుకుంది కదా అని వదిలేయకండి, గేమ్ ఆడే సమయంలో అవి గుంపుగా వస్తుంటే ఏదో భాగం బలహీనంగా ఉన్నట్టే.

గేమ్ ఒక్కటే మూసుకుపోతుంటే సిస్టమ్ బదులు అప్లికేషన్ లాగ్ తెరిచి ఐడీ 1000 చూడండి. "ఫాల్టింగ్ మాడ్యూల్" అన్నచోట ఉండే ఫైలు పేరు గ్రాఫిక్స్ డ్రైవర్‌దో, ఓవర్‌లే ప్రోగ్రామ్‌దో అయితే దారి దొరికినట్టే. ఎన్‌టీడీఎల్ఎల్ అని ఉంటే మాత్రం దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అది విండోస్ సొంత ఫైలు, ఎవరు కూలినా చివరికి దాని పేరే పడుతుంటుంది.

మూడో మెట్టు: ఖర్చు లేనివి ముందు

ఓవర్‌క్లాక్ చేసి ఉంటే, అంటే కంపెనీ పెట్టిన వేగానికి మించి నడుపుతుంటే, తీసేయండి. అండర్‌వోల్ట్ చేసి (వోల్టేజీ తగ్గించి) ఉన్నా అంతే. "ఏడాదిగా బాగానే నడిచింది కదా" అనిపిస్తుంది, నిజమే, కానీ చిప్‌లు వాడకంతో కొంత బలహీనపడతాయి. కొత్త గేములు పాతవాటికంటే గట్టిగా పిండుతాయి. నిన్నటివరకూ సరిపోయిన వోల్టేజీ ఇవాళ చాలకపోవచ్చు.

ర్యామ్ ప్రొఫైల్ సంగతి చాలామంది మరిచిపోతారు. బయాస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్ఎంపీ అనో ఎక్స్‌పో అనో ఉండే సెట్టింగ్ కూడా ఓవర్‌క్లాకే. ర్యామ్ డబ్బా మీద 6000 అని రాసి ఉన్నంత మాత్రాన మీ ప్రాసెసర్, మదర్‌బోర్డు ఆ వేగాన్ని మోస్తాయన్న హామీ లేదు. నాలుగు ర్యామ్ స్టిక్‌లు వేసుకున్నవాళ్లకు ఇది ఇంకా కష్టం. దాన్ని ఆఫ్ చేసి రెండు మూడు రోజులు ఆడి చూడండి. క్రాష్‌లు ఆగిపోతే ఎంతో వెతుకులాట తప్పినట్టే.

స్టీమ్‌లో అయితే గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఫైళ్ల వెరిఫికేషన్ నడపండి. మిగతా లాంచర్లలోనూ ఇలాంటిదే ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే ఓవర్‌లేలు, రికార్డింగ్ టూల్స్, ఆర్‌జీబీ లైట్ల ప్రోగ్రాములు అన్నీ మూసేసి ఒకసారి ఆడండి. లైట్ల ప్రోగ్రాముకూ క్రాష్‌కూ సంబంధమేంటి అనుకోవద్దు. మదర్‌బోర్డు సెన్సర్లను ఒకేసారి రెండు ప్రోగ్రాములు అడుగుతుంటే సిస్టమ్ తడబడటం కొత్తేమీ కాదు.

ఎస్ఎస్‌డీ మీద రాతలు తగ్గించాలని పేజ్ ఫైల్‌ను (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటును) ఎప్పుడో ఆఫ్ చేసి ఉంటే తిరిగి ఆన్ చేసి, సైజు నిర్ణయం విండోస్‌కే వదిలేయండి. 16 జీబీ ర్యామ్ ఉన్నా పేజ్ ఫైల్ లేకపోతే కొన్ని గేములు మెమరీ చాల్లేదంటూ కూలిపోతాయి.

నాలుగో మెట్టు: గ్రాఫిక్స్ డ్రైవర్‌ను శుభ్రంగా వేయడం

పాత డ్రైవర్ మీదే కొత్తది వేసుకుంటూ పోతే పాత ముక్కలు మిగిలిపోతాయి, ముఖ్యంగా కార్డు కంపెనీ మారినప్పుడు. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్, అందరూ డీడీయూ అంటారు, ఈ పనికి నమ్మకమైన టూల్. ముందే కొత్త డ్రైవర్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఇంటర్నెట్ తీసేయండి, లేకపోతే మధ్యలో విండోస్ అప్‌డేట్ తన డ్రైవర్ తాను వేసేస్తుంది. సేఫ్ మోడ్‌లో (విండోస్‌ను కనీస డ్రైవర్లతో మాత్రమే తెరిచే పద్ధతిలో) బూట్ చేసి డీడీయూ నడిపి, రీస్టార్ట్ అయ్యాక డ్రైవర్ వేసి, అప్పుడు ఇంటర్నెట్ పెట్టండి.

అన్నిటికన్నా కొత్త డ్రైవరే మంచిదన్న నియమం లేదు. క్రాష్‌లు ఫలానా అప్‌డేట్ తర్వాతే మొదలయ్యాయని మీ నోట్‌బుక్ చెబుతుంటే, దానికి ముందుదానికి వెళ్లండి.

సేఫ్ మోడ్‌కైనా, బయాస్ మార్పులకైనా వెళ్లే ముందు ఒక జాగ్రత్త. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే విండోస్ బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసి రాసిపెట్టుకోండి. ఆ కీ లేక ఫైళ్లన్నీ పోగొట్టుకున్నవాళ్లున్నారు.

అయిదో మెట్టు: వేడి

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని సెన్సర్లు మాత్రమే చూపించే మోడ్‌లో తెరవండి. కింద లాగింగ్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి గేమ్ ఆడండి. కంప్యూటర్ ఆగిపోయినా అప్పటివరకూ రాసిన లెక్కలు ఫైల్‌లో ఉంటాయి. ఆఖరి వరసలో ఏ అంకె ఎంత ఉందో చూస్తే చాలు, వేడి సంగతి తేలిపోతుంది.

ప్రాసెసర్ అంకెలు చూసి కంగారు పడొద్దు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. రైజెన్ 7000 సిరీస్ 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే నిలబడేలా తయారైంది. హద్దు తాకితే ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితేనే ఆగిపోతుంది. కాబట్టి వేడి వల్ల క్రాష్ అయ్యే సిస్టమ్‌లో చాలాసార్లు ముందు ఫ్రేమ్‌లు పడిపోతాయి, గేమ్ జెర్కులిస్తుంది. గ్రాఫిక్స్ కార్డులో ఒక్క జీపీయూ టెంపరేచర్‌తో ఆగకుండా హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కే చోటు) కూడా చూడండి. రెండింటి మధ్య తేడా 30 డిగ్రీలు దాటుతుంటే కార్డు లోపల చిప్ వేడిని హీట్‌సింక్‌కు చేర్చే థర్మల్ పేస్ట్ ఎండిపోయో పక్కకు జరిగిపోయో ఉండొచ్చు.

శుభ్రం చేయడం అంటే ఫిల్టర్లు, హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము తీయడం. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, వదిలేస్తే అది అదుపు లేని వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. వాటర్ కూలర్ ఉంటే పంప్ తిరుగుతోందో లేదో చూడండి. ఫ్యాన్లు తిరుగుతున్నా పంప్ ఆగిపోతే ప్రాసెసర్ వేడి నిమిషంలోపే హద్దు చేరుతుంది.

చిన్న పరీక్ష ఒకటి చెబుతాను. సైడ్ ప్యానెల్ తీసి, ఎదురుగా మామూలు టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆడండి. క్రాష్ రాకపోయినా, బాగా ఆలస్యంగా వచ్చినా వేడి సంగతి రుజువైనట్టే.

ఆరో మెట్టు: పవర్

ఎక్కువమంది చివరగా చూసేదీ, నా అనుభవంలో ముందే చూడాల్సిందీ ఇదే.

కంప్యూటర్ ఆఫ్ చేసి, గోడ స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన చార్జి పోతుంది. ఇప్పుడు సైడ్ ప్యానెల్ తీయండి. గ్రాఫిక్స్ కార్డు మీద 8 పిన్ల కనెక్టర్ ఉంటే దాని కొక్కెం పూర్తిగా పట్టిందో లేదో వేలితో తడిమి చూడండి. కొత్త ఎన్విడియా కార్డుల్లో ఉండే 16 పిన్ల చిన్న కనెక్టర్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 600 వాట్ల దాకా మోయగలిగే కనెక్టర్ అది. పూర్తిగా దిగకపోతే కొన్ని పిన్ల మీదే బరువు పడి ప్లాస్టిక్ కరిగిన సందర్భాలున్నాయి. కనెక్టర్‌కూ కార్డుకూ మధ్య సందు అనేదే కనిపించకూడదు. కేబుల్‌ను కనెక్టర్ దగ్గరే మడిచేయకుండా కొద్ది సెంటీమీటర్లు తిన్నగా వచ్చాక వంచండి. ఏ పిన్ దగ్గరైనా గోధుమ రంగు మచ్చ, కాలిన వాసన ఉంటే ఇక ఆన్ చేయకండి.

కార్డుకు రెండు 8 పిన్ల సాకెట్లుంటే రెండు వేర్వేరు కేబుళ్లు వాడండి. ఒకే కేబుల్ చివర రెండు తలలు ఉండేవి వస్తాయి, పెట్టడం తేలిక కూడా. కానీ ఒక్కో 8 పిన్ల కనెక్టర్‌కు లెక్క 150 వాట్లు. పెద్ద కార్డు రెండు తలల బరువూ ఒకే తీగ మీద వేస్తే వోల్టేజీ కుంగుతుంది, గేమ్ మధ్యలో సిగ్నల్ పోతుంది.

"నాది 750 వాట్ల పవర్ సప్లై, కార్డు 350 వాట్లే, ఇంకేం కావాలి" అని అడుగుతారు. గ్రాఫిక్స్ కార్డు ఆ 350ని నిలకడగా తీసుకోదు. సెకనులో వెయ్యో వంతు కాలం పాటు దానికి రెండింతల దాకా ఎగబడగలదు. ఆ కుదుపును కొన్ని పవర్ సప్లైలు షార్ట్ సర్క్యూట్ అనుకుని రక్షణ కోసం ఆఫ్ అయిపోతాయి. ఈ ఇబ్బంది ముదిరాకే 2022లో ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో పవర్ సప్లై తన సామర్థ్యానికి రెండింతల కుదుపును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలన్న నియమం చేర్చారు. అంతకు ముందు తయారైనది, పైగా కొన్నేళ్లు వాడినది అయితే, డబ్బా మీద వాట్ల అంకె చూసి ధీమాగా ఉండలేం.

డబ్బు పెట్టకుండానే దీన్ని పరీక్షించవచ్చు. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌ ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించండి. గేమ్‌లో ఫ్రేమ్ రేటును 60కి కట్టేయండి. ఈ రెండూ కలిసి కార్డు లాగే కరెంటును బాగా తగ్గిస్తాయి. ఒక్కసారికి ఒక్క మార్పే అన్న నియమానికి ఇది మినహాయింపు కాదు, రెండిటి ఉద్దేశమూ ఒకటే. ఇలా మూడు రోజులు క్రాష్ లేకుండా గడిచి, పాత సెట్టింగ్ పెట్టగానే తిరిగి వస్తే పవర్ సప్లై, కేబుళ్లు, కార్డు ఈ మూడింట్లోనే జవాబు ఉంది. ఆ పైన ఓసీసీటీ ప్రోగ్రామ్‌లో పవర్ టెస్ట్ నడపండి. అది ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ ఒకేసారి బరువులోకి దింపుతుంది. నిమిషాల్లో కంప్యూటర్ ఆరిపోతే అనుమానం చాలావరకు పవర్ సప్లై మీదికే వస్తుంది.

బయట వైపు కూడా చూడండి. చిన్న యూపీఎస్ మీదో, నాలుగు వస్తువులు తగిలించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదో నడుస్తుంటే, ఒకరోజు నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి ఆడండి. గేమ్ లోడ్ పడగానే ఓవర్‌లోడ్ అయ్యే యూపీఎస్‌లు ఉంటాయి.

రెండు హెచ్చరికలు, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. పవర్ సప్లై డబ్బాను ఎప్పుడూ విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయం కలిగించే చార్జి ఉండొచ్చు. రెండోది, ఊడదీసే కేబుళ్లున్న పవర్ సప్లైని మార్చినప్పుడు పాత కేబుళ్లను కొత్తదానికి పెట్టకండి. కంపెనీని బట్టి, ఒకే కంపెనీలో మోడల్‌ను బట్టి కూడా పిన్ల అమరిక మారుతుంది. చివర ఒకేలా కనిపించినా తప్పు వోల్టేజీ వెళ్లి డిస్కులు, మదర్‌బోర్డు కాలిపోతాయి.

ఏడో మెట్టు: ర్యామ్

మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాని నుంచే బూట్ చేయండి. రాత్రి పడుకునే ముందు పెడితే తెల్లారేసరికి నాలుగు పాస్‌లూ అయిపోతాయి. "రెండే ఎర్రర్లు వచ్చాయి, పర్వాలేదా" అన్న ప్రశ్నకు జవాబు ఒకటే: ఒక్క ఎర్రర్ వచ్చినా పర్వాలేదు అనకూడదు. ర్యామ్‌లో ఆమోదయోగ్యమైన ఎర్రర్ల సంఖ్య సున్నా.

ఎర్రర్ వస్తే ముందు ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి మళ్లీ నడపండి. అప్పుడు రాకపోతే స్టిక్‌లు బాగానే ఉండి, వేగమే ఎక్కువై ఉండొచ్చు. అప్పటికీ వస్తే ఒక్కో స్టిక్‌ను విడిగా ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించండి, తర్వాత బాగున్న స్టిక్‌ను స్లాట్లు మారుస్తూ చూడండి. దీంతో తప్పు స్టిక్‌దో స్లాట్‌దో తేలుతుంది. రెండు స్టిక్‌లే ఉన్నప్పుడు నాలుగు స్లాట్ల బోర్డుల్లో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. మెమ్‌టెస్ట్ పాస్ అయినంత మాత్రాన ర్యామ్ నిర్దోషి అని తేల్చేయలేం, గేమ్ వేడిలోనే తప్పులు చేసే స్టిక్‌లు కూడా ఉంటాయి.

ఎనిమిదో మెట్టు: ప్రాసెసర్, ముఖ్యంగా ఇంటెల్ 13, 14 జనరేషన్లు

మీ డెస్క్‌టాప్‌లో ఇంటెల్ కోర్ 13 లేదా 14 జనరేషన్, అందులోనూ ఐ7, ఐ9 ఉంటే ఈ భాగం వదలకండి. ఈ చిప్‌లలో కొన్నిటికి అవసరానికి మించిన వోల్టేజీ అంది లోపల కోలుకోలేని క్షయం జరుగుతోందని 2024లో బయటపడింది. దాని లక్షణం మనుషుల్ని తప్పుదారి పట్టించేలా ఉంటుంది. అన్‌రియల్ ఇంజిన్ మీద తయారైన గేములు షేడర్లు (దృశ్యాలు గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ చేసే దశలో "వీడియో మెమరీ చాలదు" అంటూ మూసుకుపోతాయి. అది చదివి గ్రాఫిక్స్ కార్డు మార్చేసినవాళ్లున్నారు, తప్పు మాత్రం ప్రాసెసర్‌ది.

ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ పనితీరును సరిచేసే లోపలి సూచనలు) ఇచ్చింది. ఇవి మదర్‌బోర్డు బయాస్ అప్‌డేట్ ద్వారా వస్తాయి. అప్‌డేట్ చేస్తే కొత్తగా నష్టం జరగకుండా ఆగుతుంది, జరిగిపోయిన నష్టం మాత్రం తిరిగి రాదు. కాబట్టి బయాస్ అప్‌డేట్ చేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ పెట్టాక కూడా క్రాష్‌లు అలాగే ఉంటే ప్రాసెసర్‌ను మార్పించుకోవాలి. ఈ మోడళ్లకు ఇంటెల్ వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. మీది ఎప్పుడు కొన్నారో బిల్లు వెతికి చూసుకోండి.

మిగతా ప్రాసెసర్లకు పరీక్ష తేలిక. ప్రైమ్95 లేదా ఓసీసీటీలో ప్రాసెసర్ టెస్ట్ గంటసేపు నడపండి. ఎర్రర్ రాకూడదు, అంతే.

తొమ్మిదో మెట్టు: డిస్క్, విండోస్

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిస్తే డిస్క్ ఆరోగ్యం ఒక్క మాటలో చెబుతుంది. "గుడ్" అని లేకుండా "కాషన్" అని ఉంటే ఈ పూటే బ్యాకప్ తీసుకోండి. గేమ్‌ను వేరే డ్రైవ్‌లోకి మార్చి ఆడి చూడటం కూడా మంచి పరీక్షే.

విండోస్ ఫైళ్లు చెడి ఉంటాయన్న అనుమానముంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి సిస్టమ్ ఫైల్ చెకర్ నడపండి. విండోస్‌ను పూర్తిగా మళ్లీ వేయడం ఇవన్నీ అయ్యాకే. కొత్తగా వేసిన విండోస్‌లో డ్రైవర్, ఒక్క గేమ్ తప్ప ఏమీ లేకుండా ఉన్నా అదే తరహా క్రాష్ వస్తే, ఇక సాఫ్ట్‌వేర్‌ను వదిలేసి నిశ్చింతగా హార్డ్‌వేర్ వైపు వెళ్లవచ్చు.

ల్యాప్‌టాప్ అయితే

పైవాటిలో సాఫ్ట్‌వేర్, వేడి, ర్యామ్ మెట్లు అన్నీ వర్తిస్తాయి. దానితో వచ్చిన చార్జర్‌తోనే ఆడండి. తక్కువ వాట్ల చార్జర్‌తో బ్యాటరీ కరుగుతూ పోయి, ఒక దశలో సిస్టమ్ ఆరిపోతుంది. పరుపు మీద పెట్టి ఆడితే అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే మాత్రం ఆడటం ఆపి, చార్జింగ్ తీసేసి, వెంటనే సర్వీసుకు ఇవ్వండి.

అనుమానం ఒకటి రెండు భాగాల మీదికి వచ్చాక

ఇక మిగిలింది మార్చి చూడటమే. స్నేహితుడి పవర్ సప్లైనో గ్రాఫిక్స్ కార్డునో ఒక సాయంత్రం అడిగి తెచ్చుకోండి (పవర్ సప్లై అయితే దాని కేబుళ్లతో సహా). లేదా మీ కార్డును వాళ్ల సిస్టమ్‌లో పెట్టి చూడండి. కార్డుతో పాటే క్రాష్ కూడా అక్కడికి వెళ్తే ఇక వాదనకు తావు లేదు. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటే కార్డును పూర్తిగా తీసేసి, తేలికపాటి గేమ్‌తో రెండు రోజులు నడపడం కూడా పనికొస్తుంది.

సర్వీసుకు ఇచ్చేటప్పుడు "గేమ్ ఆడితే ఆగిపోతోంది" అని మాత్రమే చెబితే, వాళ్లు ఆన్ చేసి అరగంట చూసి బాగానే ఉందని తిరిగిచ్చే అవకాశమే ఎక్కువ. నాకు ఒకచోట సరిగ్గా అలాగే జరిగింది. మీ నోట్‌బుక్ పేజీ, ఎర్రర్ తెర ఫొటో, హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాగ్ తీసుకెళ్లండి. "ఓసీసీటీ పవర్ టెస్ట్‌లో నాలుగో నిమిషంలో ఆరిపోతోంది, పవర్ లిమిట్ 70కి దించితే ఆరిపోవట్లేదు" అని చెప్పగలిగితే సంభాషణే మారిపోతుంది.

కారణం దొరికి సరిచేశాక వెంటనే సంబరపడిపోకండి. ఇంతకుముందు ఇరవై నిమిషాలకు ఆగేది అయితే రెండు గంటలు ఆడండి. వారానికి రెండుసార్లు వచ్చేది అయితే కనీసం మూడు వారాలు ఆగి చూడండి. ఆ తర్వాత, మధ్యలో ఆఫ్ చేసిన వాటిని ఒక్కొక్కటిగా తిరిగి పెట్టుకోండి, ముందు ఎక్స్ఎంపీ, కొన్ని రోజులయ్యాక పవర్ లిమిట్, చివరికి ఓవర్‌లేలు. ప్రతిదానికీ నోట్‌బుక్‌లో తేదీ వేయండి.